కోరి పెట్టుకున్నవి

"ఎవరి వెంటో వచ్చి, వాళ్ళు పోయినా ఇక్కడే తిష్ఠ వేసినవి సాయంత్రానికల్లా నా శాఖ కంప్యూటర్లలో ఉండవు," అని మంత్రిగారు ప్రకటించారు.

ఆయన అన్నది ప్యాకేజీల గురించి. ఒక సాఫ్ట్‌వేర్ పెడితే దానికి తోడుగా నాలుగు దిగుతాయి. అసలుది తీసేసినా తోడువి ఉండిపోతాయి. ఇంత సూక్ష్మాన్ని మంత్రిగారు లిఫ్టు మూడో అంతస్తు చేరేలోపే గ్రహించారు.

పక్కనే పీఏ ఉన్నాడు. అతను పాత మంత్రి వెంట వచ్చినవాడు. పాత మంత్రి పదవి ఊడింది, పీఏ ఊడలేదు.

"తర్వాత ఇదే పద్ధతి స్టాఫ్‌కీ పెడదామయ్యా," అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా.

పీఏ సర్వర్ గదికి పరుగెత్తాడు. అక్కడ కంప్యూటర్లు చూసుకునే అడ్మిన్ మేడమ్ కీబోర్డు ముందుకు లాక్కుంది.

"ఒక్క కమాండ్ సార్. దిక్కులేనివన్నీ పోతాయి. పింఛన్లూ ఆగుతాయి."

"అదెందుకమ్మా?"

"పింఛన్ల ప్రోగ్రాం ఎవరో చేత్తో తెచ్చి పెట్టారు. అది లైబ్రరీ అనే ఈ పాత తోడు ప్యాకేజీ మీదే నడుస్తోంది. ఆ సంగతి సిస్టమ్‌కి తెలీదు. దాని దృష్టిలో లైబ్రరీ దండగ."

"పనిచేస్తున్నా దండగేనా?"

"ఎవరికి పనిచేస్తోందో రాసి లేదు కదా సార్."

పీఏ కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. "మరి బతికే దారి?"

"మేమే కోరి పెట్టుకున్నాం అని గుర్తు పెడితే దాని జోలికి పోదు."

"నిజంగా కోరారా అని అడగదా?"

"అడగదు."

"అయితే అన్నిటికీ పెట్టెయ్యమ్మా."

కమాండ్ నడిచింది. తొలగించవలసినవి సున్నా అని తేలింది. ఇంత శుభ్రమైన శాఖ మరొకటి లేదని మంత్రిగారు విలేకరులకు చెప్పారు. వాళ్ళు సున్నాను శ్రద్ధగా రాసుకున్నారు. ఆ ఊపులోనే, స్టాఫ్ అందరినీ తానే కోరి పెట్టుకున్నట్టు పీఏ తయారుచేసిన ఉత్తర్వు మీద మంత్రిగారు చదవకుండా సంతకం చేశారు. పీఏ ఆ మధ్యాహ్నం కడుపునిండా భోంచేశాడు.

పథకం ముఖ్యమంత్రిగారికి నచ్చి, మంత్రివర్గానికీ అమలు చేశారు. మిత్రపక్షం వెంట వచ్చి, అది విడిపోయాక కూడా మిగిలినవారు ఒక్కరే తేలారు.

మంత్రిగారు ఇంటినుంచి పీఏకి ఫోన్ చేశారు.

"ఏమయ్యా, నాకూ ఆ గుర్తు పెట్టించు."

"అది పైవాళ్ళు పెట్టాలి సార్."

"పోనీ, ఆఫీసులో నా మీద ఆధారపడి ఏదైనా నడుస్తోందేమో చూడు. అదే చెప్పుకుందాం."

పీఏ ఫోన్ పట్టుకునే అన్ని గదులూ నిజాయితీగా తిరిగి వచ్చాడు.

"ఒకటి నడుస్తోంది సార్."

"చెప్పు, చెప్పు."

"మీ ఛాంబర్లో ఏసీ. ఆపించమంటారా?"