తుఫాన్ బండి నియంత్రణ చట్టం

ప్రజాస్వామ్యం ఎక్కడ పుట్టిందో పండితులు ఇంకా తేల్చలేదు గానీ, అది ఎక్కడ నిలదొక్కుకుందో నాకు తెలుసు. సూర్యాపేటలో, మా మామగారి ఇంటి ముందున్న రేకుల షెడ్డు కింద. నాయకుడు పరాయి గడ్డ మీదికి యుద్ధానికి వెళ్ళాలంటే సభ ఒప్పుకుని తీరాలన్న చట్టాన్ని మొన్న నాట్లప్పుడు అక్కడే, పల్లీలు వొలుచుకుంటూ, ఏకగ్రీవంగా ఆమోదించారు.

ఆ నాయకుడు మా మామగారు వీరేశం. మార్కెట్ దగ్గర విత్తనాల దుకాణం నడుపుతారు. తీరిక దొరికితే దండయాత్రలు నడుపుతారు. ఇంటి ఆడపిల్లను ఇచ్చిన చోట ఎవరైనా ఒక మాట తూలితే చాలు, తుఫాన్ బండి కిరాయికి మాట్లాడి, పట్టినంతమంది చుట్టాలను ఎక్కించి, వియ్యంకుల వాకిట్లో దిగుతారు. దీన్ని ఆయన యుద్ధం అనరు. "జర మాట్లాడొద్దాం" అంటారు. (మా మామగారి వంశంలో ఇంతవరకు ఒక్క యుద్ధం కూడా జరగలేదు. మాట్లాడి రావడాలు మాత్రం లెక్కలేనన్ని.)

ఈ విషయం మీద నేను నిష్పక్షపాతంగా రాయగలను, ఎందుకంటే నేను యుద్ధఖైదీని. మాది కోదాడ. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ కరుణ పుట్టింటికి వెళ్తానంటే, "ఆదివారం వెళ్దువుగానిలేమ్మా" అంది మా అమ్మ. ఆ శుక్రవారమే తుఫాన్ దిగింది. "రండి అన్నయ్యగారూ, కాఫీ పెడతాను" అన్న మా అమ్మ మాటను మామగారు లొంగుబాటుగా స్వీకరించారు. సంధి షరతుల ప్రకారం నేను ఇల్లరికం వచ్చాను. చుట్టాలంతా కూర్చునే ఆ సభలో నాకు ఓటు లేదు. పరిశీలకుడి హోదా ఉంది, పల్లీల్లో వాటా ఉంది.

నాట్ల రోజుల్లో కూడా బండి ఆగకపోయేసరికి మా అత్తయ్య సువర్ణ విసిగిపోయి బిల్లు పెట్టారు. సభ ఆమోదం లేకుండా తుఫాన్ జిల్లా సరిహద్దు దాటకూడదు. కోదాడ మన జిల్లాలోనే ఉంది కాబట్టి దాని మీద జరిగే దాడులు అంతర్గత వ్యవహారం. (నేను అభ్యంతరం చెప్పాను. పరిశీలకుడి పని పరిశీలించడమేనని గుర్తుచేశారు.) మిర్యాలగూడ నల్లగొండ జిల్లా, అంటే విదేశం. అవతలివాళ్ళే ముందు తిడితే, చాయ్ చల్లారేంతసేపు ఆత్మరక్షణ కోసం తిరిగి తిట్టవచ్చు. ఆ పైన సభను పిలవాలి. మామగారు అన్నిటికీ తలూపారు. తలూపుతూనే డ్రైవర్ రాములుకు ఫోన్ చేసి, బండి ఖాళీయేనా అని కనుక్కున్నారు.

వారం తిరగకుండానే చట్టానికి పరీక్ష వచ్చింది. మామగారి తమ్ముడు వీరేందర్ కూతురు సంతోషిని మిర్యాలగూడలో ఇచ్చారు. ఆమె కొడుకు మొదటి పుట్టినరోజుకు వియ్యంకులు వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టారు. వాళ్ళ వైపువాళ్ళంతా అందులో చేతులు జోడించి నిలువెత్తున నిలబడ్డారు. మామగారు మాత్రం కింద మూలన, టెంట్‌హౌస్ ఫోన్ నంబరు పక్కన, ఆ నంబరు కంటే చిన్నగా ఉన్నారు.

సభ సమావేశమైంది.

"బొట్టుబిళ్లంత పెట్టిండ్రు నన్ను," అన్నారు మామగారు, ఫోన్లో ఫోటోను వేళ్ళతో సాగదీసి అందరికీ చూపిస్తూ. "నేను కొట్లాటకు అడుగుతలేను. చట్టం ప్రకారం, జర మాట్లాడొద్దామంటున్న."

"అన్న ఇజ్జత్ అంటే మనందరి ఇజ్జత్," అన్నాడు వీరేందర్.

చేతులు టపటపా లేచాయి. నడిగూడెం నుంచి వచ్చిన మేనత్త రెండు చేతులూ ఎత్తింది. (రెండోది సభకు రాని కొడుకు తరఫున.) బిల్లు పెట్టిన అత్తయ్య చెయ్యి కూడా లేచింది. అదేమిటని అడిగాను.

"అనుమతి అడగాలె అన్నంగని, ఇయ్యొద్దని ఏడ రాసినం?" అన్నారు అత్తయ్య. చట్టం మీద ఇంత స్పష్టమైన వ్యాఖ్యానం నేనెక్కడా వినలేదు.

అప్పుడు కరుణ తన ఫోన్ తెచ్చి సభ మధ్యలో పెట్టింది. అవతల సంతోషి. మొదటినుంచీ అంతా వింటోంది.

"పెదనాయినా, అందరు చెయ్యి లేపిండ్రా?"

"లేపిండ్రు బిడ్డా. నువ్వు రంది పెట్టుకోకు. రేపు పొద్దుగాల్ల మేం గాడ ఉంటం."

"ఉంటరు. తిడ్తరు. పొద్దుగూకేసరికి మళ్ల సూర్యాపేటల ఉంటరు. తెల్లారి ఈ ఇంట్ల చాయ్ పెట్టేది నేను. పోయినసారి మీరు మాట్లాడిపోయినంక మా అత్త చానా దినాలు నాతోని మాట్లాడలే. నాకు ఈడ మంచిగుంది పెదనాయినా. చెడగొట్టకుండ్రి."

ఏ పిల్ల కోసం యుద్ధమో ఆ పిల్లను ఎవరూ అడగలేదు. నాకు నిజంగా సిగ్గేసింది. (యుద్ధఖైదీని, నాకైనా ముందే తట్టాల్సింది.)

"పోవుడే అంటే పోండ్రి," అంది సంతోషి. "గని చట్టంల ఇంకొక్క మాట కలపండ్రి. చెయ్యి లేపినోళ్ళు లొల్లి అయినంక వారం దినాలు మా అత్తగారింట్లనే ఉండాలె. నాతోపాటు."

సవరణ మీద చర్చ జరగలేదు. అవసరం రాలేదు. మోతెలో తన పొలం బోరు మోటారు కాలిపోయిన సంగతి వీరేందర్‌కు గుర్తొచ్చింది. మేనత్త తన చెయ్యి దించి, ఒక్క క్షణం ఆలోచించి, కొడుకు చెయ్యి కూడా దించింది. అత్తయ్య చెయ్యి కొంగు సర్దుకోవడానికి లేచిందని తేలింది. చివరికి మామగారి చెయ్యి ఒక్కటే మిగిలింది.

"నేనుంట!" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆళ్ళింట్ల పొద్దుగాల్ల ఏం తింటరు బిడ్డా?" అన్నారు.

"నూనె లేని చపాతి. మా మామకు షుగర్."

ఆ చెయ్యి కూడా దిగింది.

అప్పటినుంచి మా ఇంట్లో ఏ యుద్ధానికీ అనుమతి దొరకలేదు. రాములు తుఫాన్‌ను బడిపిల్లలకు తిప్పుకుంటున్నాడు. ఆ ఫ్లెక్సీని మిర్యాలగూడలో వడ్ల బస్తాల మీద కప్పారట. మామగారి మూల మాత్రం పైకి కనిపించేటట్టు పెట్టించానని సంతోషి నవ్వుతూ చెప్పింది. వాళ్ళత్త కూడా పక్కనే నవ్వడం ఫోన్లో వినిపించింది.

నిన్న టీవీలో ఏదో దూరదేశపు చట్టసభను చూపించారు. తమ నాయకుడు పరదేశం మీదికి యుద్ధానికి వెళ్ళవచ్చా లేదా అని ఓటింగు. సూట్లు వేసుకున్న పెద్దమనుషులు టపటపా చేతులెత్తారు. మామగారు పల్లీలు పక్కన పెట్టి ముందుకు వంగారు.

"అల్లుడా, గీ చెయ్యి లేపినోళ్ళల్ల ఎవరెవరు వారం దినాలు గాడ ఉంటరట?"

నేను వార్తలు చివరిదాకా చూశాను, కింద పరిగెత్తే అక్షరాలు కూడా వదలకుండా చదివాను. ఆ వివరం ఎక్కడా ఇవ్వలేదు.