మూడో డిజైన్‌కు రెండొందల పన్నెండు జతలు

"యూరియా బుకింగ్ యాప్‌కు ఏ డిజైన్ బాగుందో ఇక రైతే తేలుస్తాడు!" అని డిజైన్ సెల్ డైరెక్టర్ విద్యాసాగర్ గారు రేగొండ ఎరువుల గోదాం ముందు మైకులో ప్రకటించారు. ఎదురుగా చాయ్ అమ్ముకునే నాకు ఒళ్లు పులకరించింది. మరిగే చాయ్ కూడా ఒక నిమిషం పొంగడం మానేసి విన్నది.

గోదాములో యూరియా లేదు. సారు కుంగిపోలేదు. మూడు టేబుళ్ల మీద మూడు ట్యాబులు పెట్టించారు. ఒకదాంట్లో ఎర్ర బటన్, ఇంకోదాంట్లో నీలం బటన్, మూడోదాంట్లో నవ్వే ఎద్దు.

మా ఊరి కట్టమ్మ పొలంలో వరి పసుపెక్కుతోంది. ఆదివారంలోగా రెండు బస్తాలు చల్లకపోతే పంట పోయినట్టే. ఆమె మూడూ నొక్కింది. మూడూ 'స్టాక్ లేదు' అన్నాయి.

"ఏది బాగుందమ్మా?"

"ఎద్దే నయం సారూ. జర నవ్వుకుంట లేదంటున్నది."

"ఎక్సలెంట్!" సారు రాసుకున్నారు.

అంతలో లారీ వస్తోందని ఎవరో అన్నారు. అంతే, అందరూ చెప్పులు విడిచి, గోదాం తలుపు నుంచి లైనుగా పెట్టి, నా చాయ్ బండి నీడకు చేరారు. మా దగ్గర ఎండలో మనిషి నిలబడడు, అతని చెప్పులు నిలబడతాయి. తలుపు పక్కనే ఉన్నది మూడో టేబుల్.

లారీ రాలేదు. సారు మాత్రం చెప్పులు లెక్కపెట్టించారు. రెండొందల పన్నెండు జతలు, అన్నీ ఎద్దు ముందే.

"ఇంత క్లియర్ ఫీడ్‌బ్యాక్ సింగపూర్‌లో కూడా రాదయ్యా!"

సాక్ష్యం భద్రంగా ఉండాలని చెప్పులన్నీ ఖాళీ యూరియా సంచుల్లో కట్టించి, వ్యానులో హైదరాబాద్ పంపారు. ఆ గోదాం నుంచి ఒకే రోజు ఎనిమిది బస్తాలు కదలడం నేను కళ్లారా చూశాను.

"నా చెప్పులేవి సారూ? లైన్ల నాది రెండో నంబరు!" అంది కట్టమ్మ.

"అవి ఇప్పుడు డేటా అమ్మా."

శనివారం పొద్దున నవ్వే ఎద్దు అందరి ఫోన్లలోకి ఎక్కింది. మళ్లీ లారీ కబురు. లైనులో పెట్టడానికి ఎవరికీ చెప్పుల్లేవు. చెప్పుల లైనులో మొదటి నంబరు రైతు రాములు కాసేపు ఆలోచించి తలుపు ముందు ఫోన్ పెట్టాడు. వెనకే కట్టమ్మ. గంటలో రోడ్డు దాకా ఫోన్లే ఫోన్లు, ప్రతిదాంట్లో ఎద్దు నవ్వుతోంది.

సారు పరుగున వచ్చి ఫొటోలు తీయించారు. "యాప్ వాడకం వంద శాతం!"

"ఫొటో తియ్యి గని సారూ, ఫోన్ జరుపకు," అని అరిచింది కట్టమ్మ. "రేపే ఐతారం. నాది రెండో నంబరు!"

సారు ఆనందంతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగారు.

"ఖాళీ సంచులు ఇంకేమైనా ఉన్నాయా?"