మూడడుగుల సందుకు ఉపగ్రహం

లక్ష్మీరాజం ఆ పొద్దున వేసుకున్న పథకం చిన్నది. ఏడింటికి సూరత్ బమ్రోలిలో ఆటో ఎక్కాలి. ఎనిమిదింటికి కామ్‌రేజ్‌లో బ్రహ్మచారి షెడ్డు చేరాలి. పదకొండింటికి సొంతూరి కోర్టు జడ్జి ముందు ఫోనులో హాజరు కావాలి. బామ్మర్దిని ఓడించాలి. మధ్యాహ్నం అన్నం తినాలి.

కేసు పద్నాలుగేళ్లది. ఊళ్లో అతని ఇంటికీ బామ్మర్ది పరమేశ్వర్ ఇంటికీ మధ్య మూడడుగుల సందు ఉంది. నాదంటే నాదని ఇద్దరూ కోర్టుకెక్కారు. ఇద్దరూ బతికేది మాత్రం సూరత్‌లో, మరమగ్గాల మీద. ఆ సందులో ఎవరూ కాలు పెట్టి ఆరేళ్లయింది. లక్ష్మీరాజం భార్య స్వరాజ్యం ఉన్నన్నాళ్లు మొగుడికీ తమ్ముడికీ మధ్య మాటలు మోసింది. ఆమె పోయి మూడేళ్లు. ఇప్పుడు ఆ పని వకీళ్లు చేస్తున్నారు.

కరోనా వచ్చాక కోర్టు ఫోనులోకి వచ్చింది. కిందటి వాయిదాకు లక్ష్మీరాజం గదిలో నెట్టు ఆగిపోయింది. జడ్జికి కనిపించింది అతని తెరిచిన నోరు ఒక్కటే, కదలకుండా, నాలుగు నిమిషాలు. "ఇదే ఆఖరి అవకాశం. ఈసారి కనబడనివాళ్లకు, మాట్లాడనివాళ్లకు చెప్పుకునేదేమీ లేదని రాసుకుంటాను" అన్నాడు జడ్జి.

బ్రహ్మచారి వాళ్ల ఊరివాడే. బండ్లకు బాడీలు కడతాడు. హజీరా ఫ్యాక్టరీల్లో ఇంజనీర్ల కోసం మంచం, పొయ్యి, ఏసీ అన్నీ లోపలే ఉన్న కారవాన్ ఒకటి తయారుచేసి, దాని నెత్తిన తనంతట తానే లేచే డిష్ బిగించాడు.

"బటన్ ఒత్తితే చాలు రాజమన్నా. అదే లేస్తది, అదే తిరుగుతది, ఉపగ్రహాన్ని అదే పట్టుకుంటది. టవర్‌తోని పనే లేదు" అన్నాడు గర్వంగా. "ఒక్కటే పథ్యం. బండి తాళం తిప్పితే డిష్ పండుకుంటది. లేచి ఉండంగ బండి నడిస్తే ఇరుగుతదని అట్ల పెట్టిన్రు."

లక్ష్మీరాజం తల ఊపి బండి తలుపు తీశాడు. లోపల పరమేశ్వర్ కూర్చుని టీ తాగుతున్నాడు.

"వీడెందుకున్నడు ఈడ?"

"ఆయనకూ గదే వాయిదా గద అన్నా. ఇద్దరూ అడిగిన్రు. ఒకరికి అవునని, ఒకరికి కాదని ఎట్లంట?"

"కూసో బావా. జాగా శానుంది" అన్నాడు పరమేశ్వర్.

"నీ పక్కన కూసునేకంటే శ్మశానంల కూసుంట."

"అదిగూడ నీదే అంటవ్ గద."

లక్ష్మీరాజం సుద్దముక్క అడిగి తీసుకుని బండి నేల మీద గీత గీశాడు. పరమేశ్వర్ టేపు తెచ్చి నేలా బెంచీ కొలిచి, తన వైపు జానెడు తగ్గిందని గీత చెరిపాడు. ఇది రెండుసార్లు జరిగింది.

కొత్త మగ్గం మొదలుపెట్టే ముందు దాని మీద చీర కప్పి కొబ్బరికాయ కొట్టడం వాళ్ల ఇళ్లలో ఆచారం. మొదటి పోగు పడేదాకా ఆ చీర తీయకూడదు. తిరిగేది ఏదైనా లక్ష్మీరాజానికి మగ్గమే. సంచిలోంచి స్వరాజ్యం పెళ్లిచీర తీశాడు. నిచ్చెనెక్కి, పడుకున్న డిష్ మీద కప్పి, జారకుండా వెనక ముడేసి, పసుపు కుంకుమ పెట్టాడు.

"అది మేం పెట్టిన చీర!" అని పరమేశ్వర్ కిందినుంచి అరిచాడు. "ఒళ్లంత వెండి జరీ. ఎవర్నడిగి తెచ్చినవ్?"

"కట్టుకున్నది నా ఇంట్ల."

బటన్ ఒత్తారు. డిష్ చీరతో సహా లేచింది. తెగిన పోగు కోసం వెతికే నేతగాడిలా ఆకాశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తడిమింది. దొరకలేదని తెర మీద రాసి పడుకుంది. మళ్లీ లేచింది, మళ్లీ పడుకుంది. ఒక్కో వెతుకులాటకు పది నిమిషాలు.

"చీర తీద్దామా?" అన్నాడు బ్రహ్మచారి.

"పోగు పడకముందే తీస్తరా?" అన్నాడు లక్ష్మీరాజం.

"అరిష్టం" అన్నాడు పరమేశ్వర్. పద్నాలుగేళ్లలో వాళ్లిద్దరూ ఒక్క మాట మీద ఉండడం అదే మొదలు.

అయితే ఉపగ్రహం ఉండే దక్షిణం వైపు షెడ్డు రేకులు అడ్డమై ఉంటాయని తేల్చారు. బ్రహ్మచారి తాళం తిప్పాడు. డిష్ బుద్ధిగా పడుకుంది. బండిని రోడ్డు పక్క ఖాళీ జాగాలో నిలిపి మళ్లీ లేపారు.

రోడ్డు పక్కన తెల్లబండి, నెత్తిన పసుపు కుంకుమలతో తిరిగే యంత్రం, చుట్టూ మాస్కులు పెట్టుకున్న ముగ్గురు మనుషులు. టీకా బండి వచ్చిందని కామ్‌రేజ్ అనుకుంది. పావుగంటలో నలభై మంది ఆధార్ కార్డులతో వరుస కట్టారు.

"పహేలో డోజ్ కే బీజో?" మొదటిదా, రెండోదా అని ముందున్న ముసలామె అడిగింది.

"డోస్ నహీ హై మాజీ. కోర్ట్ హై" అన్నాడు లక్ష్మీరాజం.

ఆమె వెనక్కి తిరిగి చెప్పింది: టీకాలు ఉన్నాయట, కోర్టువాళ్లకే వేస్తారట. వరుస గోలగోలగా మారింది. తమకు వేసేదాకా బండి కదలనివ్వమని పదిమంది చక్రాల ముందు కూర్చున్నారు.

పదీ నలభై అయింది. బ్రహ్మచారి డిష్ అమ్మిన హైదరాబాద్ మెకానిక్‌కు ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు.

"దాని మీద రేకుగానీ ఇనుప జాలీగానీ ఉందా?"

"ఏం లేదు. చీర కప్పినం."

"చీరకేం కాదు. జరీ చీరా?"

"జరీదే."

"ప్లాస్టిక్ జరీయే కదా?"

"అసలు వెండి!" ఇద్దరు నేతగాళ్లూ ఒక్కసారే అరిచారు.

"అయితే అది జాలీయే" అన్నాడు మెకానిక్. తర్వాత చాలాసేపు నవ్వు వినిపించింది.

ఆచారం ఓడింది. పరమేశ్వర్ నిచ్చెనెక్కాడు. లక్ష్మీరాజం నిచ్చెన పట్టుకున్నాడు, వదిలేయాలన్న కోరికను గట్టిగా అదుముకుంటూ. ముడి రాలేదు.

"గుంజకురా, చినుగుతది!"

"నువ్వేసిన ముడే బావా!"

లక్ష్మీరాజం రెండు మెట్లెక్కి వేలాడే కొంగు అందుకున్నాడు. పైవాడు లాగాడు, కిందివాడు లాగాడు. చీర నడిమికి చిరిగింది. ఆ ఊపుకు పరమేశ్వర్ జేబులోని ఫోన్ రోడ్డు మీద పడి రెండు ముక్కలైంది. ఒళ్లు తేలికైన డిష్ రెండు నిమిషాల్లో ఉపగ్రహాన్ని పట్టుకుంది.

పదకొండుకు మూడు నిమిషాలు. బ్రహ్మచారిది కెమెరా లేని బటన్ల ఫోన్. జడ్జికి కనబడే ఫోన్ ఒకటే మిగిలింది, అది లక్ష్మీరాజానిది. తలుపు మూసుకుని కూర్చుంటే చాలు, బామ్మర్ది గైర్హాజరు, కేసు గెలుపు. పరమేశ్వర్‌కూ అది తెలుసు. సగం చీర భుజాన వేసుకుని బయటే నిలబడ్డాడు.

లక్ష్మీరాజం అతన్ని కాసేపు చూశాడు. చూడనివాణ్ని ఓడిస్తే ఏం లాభం?

"రా, కూసో" అన్నాడు. "నువ్వోడుడు నీ కండ్లతోనే చూడు."

"వాది?" అన్నాడు జడ్జి.

"హాజర్ సార్."

"ప్రతివాది?"

పరమేశ్వర్ ఫోనులోకి తల దూర్చాడు. జడ్జి కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఒకే తెర మీద ఇద్దరు వైరులు, చెరో భుజాన చెరో సగం జరీ చీర.

"ఇద్దరూ ఎక్కడ కూర్చున్నారు?"

"బండిల సార్. బెంచీ మీద."

"ఆ బెంచీ ఎంతుంటుంది?"

"రెండున్నర అడుగులు సార్!" పొద్దున కొలిచిన పరమేశ్వర్ టక్కున చెప్పాడు.

"మూడడుగుల్లో పద్నాలుగేళ్లుగా పట్టనివాళ్లు రెండున్నర అడుగుల్లో పట్టారన్నమాట" అన్నాడు జడ్జి. "సందు ఇద్దరిదీ అని రాస్తున్నాను. వాదికి అభ్యంతరం ఉందా?"

లక్ష్మీరాజం లేచి నిలబడ్డాడు. "ఉంది సార్! నా పానం పోయినా..."

బండి ఇంజన్ గుర్రుమంది. నెత్తిన డిష్ బుద్ధిగా పడుకుంది. ఈసారి తెర మీద నోరు తెరుచుకుని ఆగిపోయింది జడ్జి.

ముందు సీట్లో బ్రహ్మచారి తాళం పట్టుకుని కూర్చున్నాడు. "చెమటకు సస్తున్నరని ఏసీ ఏసిన అన్నా" అన్నాడు. తాళం సంగతి పొద్దున చెప్పినవాడే మరిచిపోయాడని నమ్మాలి.

తాళం తీసి డిష్‌ను మళ్లీ లేపేసరికి ఐదు నిమిషాలైంది. ఈలోగా వకీలు ఫోన్ చేశాడు. జడ్జి మూడుసార్లు అడిగాడట. వాది మాట్లాడలేదట. అభ్యంతరం లేదని రాసుకుని కేసు మూసేశాడట.

సందు ఇప్పుడు ఇద్దరిదీ. చీరలో ఏ సగం ఎవరిదన్న దావాకు వచ్చే నెల పదహారున మొదటి వాయిదా.