కొలత పూర్తయ్యేదాకా కరెంటు లేదు

కరెంటు ఇవ్వడం కంటే, ఉన్న కరెంటును ఆపి కొలవడమే గొప్ప దేశసేవ! నవ్వకండి. పాతపట్నం దారిలో ఉన్న మా ఊరి సబ్‌స్టేషను కంచె పక్కన నాలుగు రోజులు నిలబడి చూశాకే ఈ మాట రాస్తున్నాను.

విషయం చిన్నది. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు లోపల నూనెలో మునిగిన రాగి తీగ చుట్టలుంటాయి. వోల్టేజి పెంచడానికీ తగ్గించడానికీ పక్కన ఒక పిడి. దాన్ని టాప్ ఛేంజరు అంటారు. పిడికి తొమ్మిది స్థానాలు. ఒక్కో స్థానంలో ఆ తీగ కరెంటుకు ఎంత అడ్డుపడుతోందో కొలిచి రిజిస్టరులో రాయాలి. మీటరు ముల్లు కదలకుండా నిలిస్తేనే లెక్క. అది నిలిచేదాకా చుట్టూ ఉన్నవాళ్ళం మేమూ నిలవాలి!

కొలవడానికి వచ్చిన ఇంజనీరు జానకిరామయ్యగారు బహు నిష్ఠాపరులు. మొదటి నాలుగు స్థానాలూ బుద్ధిగా లొంగాయి. ఐదోది మాత్రం మిగతావాటికి మూడింతలు చూపించింది. మామూలు మనిషైతే అదే రాసేస్తాడు. ఆయన రాయలేదు. అలాంటి అంకె కనబడితే పైనుంచి సంజాయిషీ అడుగుతారు. అందుకని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. ఐదోదానికి బుద్ధి వచ్చేదాకా!

ఆ నాలుగు రోజుల్లో మా ఊరు ఎంత బాగుపడిందని! పిండిమర ఆగింది, తిరగళ్ళకు పట్టిన బూజు వదిలింది. పెళ్ళిలో మైకు మోగలేదు, పురోహితుడు సగం మంత్రాలు మింగేస్తున్నాడని తెలిసింది. పోస్టాఫీసులో ఫ్యాను ఆగింది. పోస్టుమాస్టరు గాలికోసం ఊరంతా తిరిగారు, పనిలో పనిగా పోయిన నెల ఉత్తరాలన్నీ చేరిపోయాయి. ఇంతకంటే ఏం కావాలి?

ఒక్క కూర్మమ్మకే ఈ భాగ్యం అర్థం కాలేదు. వాన ముఖం చాటేసిన జ్యేష్ఠంలో ఆమె నారుమడి బావి మోటారు మీదే బతుకుతోంది. మూడో రోజున వచ్చి కంచె పట్టుకుంది.

"ఏటి బాబూ, ఇంకా అవ్వనేదేటి? నా నారు ఎండిపోతన్నాది!"

"కదపకమ్మా! ముల్లు ఊగుతుంది," అన్నారు ఇంజనీరుగారు.

లైన్‌మన్ అప్పలసూరి మెల్లిగా నోరు విప్పాడు. "అయ్యా, ఐదో కాడ మసి పట్టేసినాది. నూనె దించి తుడిసేస్తే ఒక్క పూట పని."

"తుడిస్తే కొలత మారిపోదుటయ్యా? ముందు కొలవనీ!"

"ఒరే సూరీ, ఈ బాబు జొరమొస్తే మందేసుకోడేటిరా? కొలుసుకుంటా కూకుంటాడా?" అంది కూర్మమ్మ. అప్పలసూరి ఆకాశం వైపు చూశాడు.

నాలుగో రోజు సాయంత్రం మార్గం దొరికింది. ఐదోదాన్ని దాటేసి ఆరు నుంచి తొమ్మిది దాకా కొలిచారు. నాలుగుకీ ఆరుకీ నడిమి అంకె ఒకటి చూసి ఐదో గడిలో వేశారు. ఎంత చక్కగా కుదిరిందో! తరువాత పిడిని ఐదులోనే పెట్టి కరెంటు వదిలారు. మా ఊరికి ఎప్పుడూ ఐదే మరి.

అప్పలసూరి కూర్మమ్మ పొలానికి పరుగున వెళ్ళాడు. "అప్పా, కరెంటొచ్చినాది! మోటారెయ్యి!"

కూర్మమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. ఎండిన నారులో ఆవు మేస్తోంది.

"ఇప్పుడెందుకురా సూరీ? ఆవుకి తాగడానికి తొట్లో నీల్లున్నాయిలే."

కాబట్టి అయ్యలారా, ఏటేటా తప్పక వచ్చి కొలవండి. ఊపిరి బిగబట్టి నిలబడతాం. వచ్చేటప్పుడు ఒక గుడ్డపీలిక మాత్రం తెచ్చుకోండి. మరిచిపోయినా ఫరవాలేదు, కూర్మమ్మ పాత చీర చింపి ఇచ్చి, తుడవడానికి తానూ ఒక చెయ్యి వేస్తుంది. ఈ ఏడు ఆమెకు పొలంలో పనేమీ లేదు.