ఎగరని గగనాధికారి

ఒక పెద్ద అడవిలో శాఖలు చాలా ఉండేవి గానీ, సముద్ర గగన శాఖకున్న డాబు మరే శాఖకూ లేదు. అడవి తూర్పు అంచున, చెట్లు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట దాని కార్యాలయం. అందులో ఎగిరేవాళ్ళంతా గూడబాతులు. రోజూ సముద్రం మీద గస్తీ తిరిగి, వేట పడవలు ఎటు వస్తున్నాయో, వలలు ఎక్కడ పరిచారో చూసి వచ్చి మృగరాజుకు విన్నవించడం వాళ్ళ పని.

చిక్కేమిటంటే, గాల్లోకి లేచిన గూడబాతు కళ్ళు కింద నీళ్ళలోని చేపల మీదే ఉంటాయి. దారి మీద ఉండవు. ఒకసారి గస్తీకి వెళ్ళిన దండు దండంతా దారి తప్పి పొరుగు అడవిలో దిగింది. అక్కడి సింహానికి వందనం చేసి, మన అడవి రహస్యాలన్నీ పూసగుచ్చినట్టు విన్నవించి, మెప్పు కూడా పొంది వచ్చింది. సంగతి తెలిశాక మన మృగరాజుకు చాలా రోజులు తిండి సయించలేదు.

దాంతో శాఖలో కొత్త ఉద్యోగం పుట్టింది. ఒక్కో గూడబాతు వీపు మీద ఒక్కో అధికారి కూర్చోవాలి. రెక్కలు ఆడించడం అతని పని కాదు. ఎక్కడున్నాం, ఎటు పోవాలి, కింద ఏముంది, ఎదురుగా ఏం ముంచుకొస్తోంది, ఇవన్నీ చూసి చెప్పడం అతని పని. సీనియారిటీ వస్తే గస్తీ మొత్తానికి నాయకత్వం కూడా అతనిదే. ఇంత పెద్ద ఉద్యోగానికి పేరు పెట్టమని గుమస్తాలకు అప్పగిస్తే, వాళ్ళు తర్జనభర్జన పడి "ఎగరని గగనాధికారి" అని ఖాయం చేశారు. చేసే పని ఏమిటో ఆ పేరులో లేదు. చేయని పని మాత్రం ఉంది.

ఈ ఉద్యోగానికి రెండో బ్యాచ్ ప్రకటన వన్నెలరావు చెవిన పడింది. వన్నెలరావు ఒక కుర్ర ఊసరవెల్లి. గుడ్డులోంచి బయటపడ్డనాటి నుంచీ అతనికి ఎగరాలని ఒకటే కోరిక. కొమ్మ చివరి నుంచి ఎన్నిసార్లు దూకాడో అన్నిసార్లూ బొక్కబోర్లా పడ్డాడు. రెక్కలు లేవు గానీ కళ్ళున్నాయి. ఒక కన్ను ముందుకు చూస్తుంటే రెండోది తాపీగా వెనక్కి చూస్తుంది. ఈ ఉద్యోగం ఆ కళ్ళ కోసమే పుట్టినట్టుంది. కానీ ఆ పేరే గుచ్చుకుంది. ఒప్పుకుంటే, తాను ఎప్పటికీ ఎగరలేనని తన నోటితో తానే చెప్పుకున్నట్టు.

ఊసరవెల్లి నడక అందరికీ తెలిసిందే. ఒక కాలు ముందుకు వేస్తుంది, కాసేపు ఊగుతుంది, మళ్ళీ వెనక్కి తీసుకుంటుంది. వన్నెలరావు ఆలోచన కూడా అలాగే నడిచింది. అతను మీనమేషాలు లెక్కపెడుతున్నాడని అడవంతా చెప్పుకుంది. దానికి తోడు, ఎవరి సలహా వింటే వాళ్ళ రంగు అతని ఒంటికి అంటుకునేది.

ముందుగా వరసకు మేనమామ అయిన గట్టయ్య దగ్గరికి వెళ్ళాడు. గట్టయ్య ఉడుము. ఏదైనా అభిప్రాయాన్ని పట్టుకున్నాడంటే ఉడుంపట్టే, గోడ ఊడాలి గానీ ఆయన ఊడడు.

"ఏరా అల్లుడూ, రేపు ఎవరైనా అడిగితే నన్నేం చెప్పమంటావు?" అన్నాడు గట్టయ్య. "మావాడికి గాల్లో ఉద్యోగం, కానీ ఎగరడు, ఎగిరేవాడి వీపు మీద కూర్చుంటాడు అని చెప్పమంటావా? ఎగిరితే ఎగురు, లేకపోతే మానెయ్. మధ్యలో ఈ కూర్చోవడమేమిటి?"

వన్నెలరావు మట్టిరంగుకు మారి బయటపడ్డాడు.

అక్కణ్ణించి చిలక మాస్టారి కోచింగ్ సెంటర్‌కు వెళ్ళాడు. ఏ జాతి అభ్యర్థికైనా రెక్కలు మొలిపిస్తామని అక్కడ బోర్డు. మొదటి ఏడు రెక్కల చరిత్ర, రెండో ఏడు రెక్కల సిద్ధాంతం చెబుతామనీ, మొలవడం మాత్రం అభ్యర్థి బాధ్యతేననీ మాస్టారు వివరించాడు. నిదర్శనంగా, ఎన్నో ఏళ్ళుగా అక్కడే చదువుతున్న కుందేలును చూపించాడు. దానికి ఆత్మవిశ్వాసం ఇప్పటికే మొలిచిందట, రెక్కలు దాని వెనకే వస్తాయట. కుందేలు ధీమాగా చెవులు ఆడించింది. అది చూసి వన్నెలరావు చిలకపచ్చగా మారాడు.

చివరికి, ఆ ఉద్యోగం ఇప్పటికే చేస్తున్న బల్లి పిన్నిని అడిగితే మంచిదనిపించింది. ఆమె మొదటి బ్యాచ్. ఏకంగా గూడబాతుల సంఘాధ్యక్షుడు గూడప్ప వీపు మీదే ఆమె సీటు.

"పనా? పనేముందిరా," అంది బల్లి పిన్ని. "దారి ఇదే కదా అంటాడాయన. నేను టిక్కుమంటాను. బల్లి పలికింది కాబట్టి సత్యమే అనుకుని సాగిపోతాడు. నేను కళ్ళు తెరిచి దారి చూసి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. మొన్న ప్రమోషన్ కూడా ఇచ్చారు."

వన్నెలరావు సున్నం కొట్టిన గోడలా పాలిపోయాడు. సాయంత్రం ఇంటికి చేరేసరికి తల మట్టిరంగులో, నడుము పచ్చగా, తోక తెల్లగా ఉన్నాయి. వాళ్ళమ్మ జ్వరం తగిలిందేమోనని నుదురు తాకి చూసింది. అతను అన్నం ముట్టకుండా పడుకున్నాడు.

నియామకాలు చూసే కొంగ అనుభవజ్ఞుడు. ఒంటికాలి మీద నిలబడి, అవునూ కాదూ రెండూ చెప్పకుండా కొలువు చేసినవాడు. ఇలా ఊగేవాళ్ళను చాలామందిని చూశాడు. "ఒకసారి ఎక్కి చూడు బాబూ," అన్నాడు. "నచ్చితే చేరు, నచ్చకపోతే దిగిపో. దిగడం మాత్రం నేల మీదికి వచ్చాకే సుమా."

ఆ ఎక్కడం కాస్తా మృగరాజు తనిఖీకి వచ్చిన రోజే పడింది. దండంతా సముద్రం మీదికి వెళ్ళి తిరిగొచ్చి, ఒడ్డున వేసిన పందిరి ముందు వరసగా దిగాలి.

ఈ లోపల గూడప్ప కడుపుమంట ఒకటుంది. వీపు మీద కూర్చున్నవాళ్ళు ముందుకు చూస్తూ అటు ఇటు చెయ్యి చూపిస్తుంటే, కింద నుంచి చూసేవాళ్ళకు వాళ్ళే నడుపుతున్నట్టు కనిపిస్తోంది. రెక్కలు తమవి, పేరు వాళ్ళది అవుతోంది. అందుకని సంఘం సమావేశం పెట్టి ఒక నిబంధన చేయించాడు. ఇకపై ఎగరని గగనాధికారులంతా తోక వైపు తిరిగి కూర్చోవాలి. ఎవరు నడుపుతున్నారన్న విషయంలో ప్రజలకు అపోహ ఉండకూడదు.

బల్లి పిన్ని అభ్యంతరం చెప్పలేదు. ఆమెకు ఏ వైపైనా ఒకటే.

వన్నెలరావును సంచిమూతి అనే కుర్ర గూడబాతు వీపు మీద, తోక వైపు తిప్పి కూర్చోబెట్టారు. సంచిమూతి చెడ్డవాడు కాదు గానీ, పైలట్ అయినప్పటి నుంచీ కళ్ళు కాస్త నెత్తికెక్కాయి. పరుగు తీసి, నీళ్ళను రెండుసార్లు తన్ని, గాల్లోకి లేచాడు.

అంత ఆనందం వన్నెలరావు ఎప్పుడూ ఎరగడు. ఒక కంటికి ఒడ్డు దూరమవుతూ కనిపిస్తోంది, రెండో కంటికి సముద్రం దగ్గరవుతూ కనిపిస్తోంది. వల ఎక్కడుందో, పడవ ఎటు మళ్ళిందో, నీళ్ళ రంగు ఎక్కడ మారిందో ఒక్కొక్కటీ చెబుతుంటే అతనికే ఆశ్చర్యమేసింది. మామయ్య గుర్తుకు రాలేదు, మాస్టారు గుర్తుకు రాలేదు. ఒంటి మీది మూడు రంగులూ ఎప్పుడు వదిలిపోయాయో కూడా చూసుకోలేదు.

తిరుగు దారిలో పొగమంచు కమ్మింది. ఒడ్డు లేదు, పందిరి లేదు, పక్కన ఎగిరే గూడబాతు కూడా లేదు. సంచిమూతికి చేపలు కనపడక ఏం చూడాలో తోచలేదు. నాలుగు కుర్ర గూడబాతులు దిక్కు తోచక అతని రెక్కల చప్పుడే పట్టుకుని వెనకాల వస్తున్నాయి. అంతలో ఆ మంచులో నల్లరాళ్ళ గుట్ట లీలగా వన్నెలరావు కంట పడింది. అలలు దాని మీద విరిగి పడుతున్నాయి.

"ఎడమకు తిరగండి కెప్టెన్ గారూ," అన్నాడు.

సంచిమూతి ఎడమకు తిరిగాడు. రాళ్ళు ఇంకా దగ్గరయ్యాయి.

"ఎడమకండీ, ఇంకా ఎడమకు."

"ఎడమకే పోతున్నా కదయ్యా."

అలల తుంపర మొహాన కొట్టింది. అప్పుడు తట్టింది వన్నెలరావుకు. తోక వైపు తిరిగి కూర్చున్నవాడికి ఏది ఎడమో, ముక్కు వైపు చూసేవాడికి అది కుడి. తాను చెప్పిన ప్రతి మాటా దండును రాళ్ళ మీదికే తోలుతోంది. లేచి ఇటు తిరిగి, ఈకలు పట్టుకుని సంచిమూతి మెడ మీదికి నడిచాడు. ఆ నాలుగడుగుల్లో ముందుకేసిన ఒక్క కాలూ వెనక్కి తీసుకోలేదు.

"ఇప్పుడు మీ కుడీ నా కుడీ ఒక్కటే. కుడికి తిరగండి."

"తోక వైపు కూర్చోవాలని నిబంధన ఉంది కదయ్యా," అన్నాడు సంచిమూతి.

"నిబంధన ఒడ్డున ఉంది. రాళ్ళు ఇక్కడున్నాయి."

సంచిమూతి కుడికి తిరిగాడు. ఎడమ వైపు రెక్క కొస రాతిని రాసుకుంటూ పోయింది. వెనక వచ్చే నాలుగూ తిరిగాయి. అక్కణ్ణించి వన్నెలరావు చెబుతూ పోయాడు, సంచిమూతి మారు మాట లేకుండా రెక్కలు ఆడిస్తూ పోయాడు. పందిరి ముందు అందరూ క్షేమంగా దిగారు.

గూడప్ప మాత్రం రాలేదు. ఆ మంచులో ఆయన, మన తీరం ఇదే కదా అని బల్లి పిన్నిని అడిగాడట. ఆమె టిక్కుమంది. ఆయన దిగింది పొరుగు అడవిలో. అక్కడి సింహం ఈసారి ఆనవాలు పట్టి, కుశల ప్రశ్నలడిగి, భోజనం పెట్టి, మళ్ళీ దారి తప్పకుండా రెండు దుమ్ములగొండులను తోడిచ్చి కాలినడకన పంపించింది. మర్నాడు ఆయన ఒడ్డు వెంట పడుతూ లేస్తూ నడిచి వస్తుంటే అడవంతా బారులు తీరి చూసింది. దారి తప్పారా అని కోతులు అడిగితే, తనిఖీకి వెళ్ళానన్నాడు. వీపు మీద బల్లి పిన్ని టిక్కుమంది.

జరిగినదాని మీద విచారణ సంఘం వేశారు. దారి తప్పడంలో అనుభవం ఉన్నది ఆయనకే గనక గూడప్పనే అధ్యక్షుణ్ణి చేశారు. సంఘం బాగా ఆలోచించి తీర్పు చెప్పింది. సంచిమూతి సమయస్ఫూర్తికి పతకం. గాల్లో సీటు దిశ మార్చినందుకు వన్నెలరావుకు మందలింపు. తోక నిబంధన యథాతథంగా అమలు. ఇవన్నీ అయ్యాక కొంగ ఒంటికాలి మీద వచ్చి, చేరతావా చేరవా చెప్పు బాబూ అని అడిగాడు.

గట్టయ్య మామ అక్కడే ఉన్నాడు. "ఒద్దని చెప్పరా. పతకం వాడికి, చీవాట్లు నీకు. కళ్ళారా చూశాక కూడా ఇంకా ఎందుకు ఆ వెనక సీటు?"

మామయ్య ఎంతసేపు మాట్లాడినా ఆ రోజు వన్నెలరావు ఒంటికి ఆయన రంగు అంటలేదు.

"మామయ్యా, ఇన్నాళ్ళూ నాకు కావలసింది రెక్కలేననుకున్నాను," అన్నాడు. "ఆ మంచులో రెక్కలకు కొదవ లేదు. ఎటు పోవాలో తెలియక అవి గాల్లో కొట్టుకుంటున్నాయి. నాకు తెలిసింది. పతకం ఎవరికిచ్చినా ఇవ్వనీ, ఆ తెలియడం నాకు బాగుంది. చేరతాను."

గట్టయ్య రెండు రోజులు మొహం మాడ్చుకున్నాడు. తర్వాత ఉడుంపట్టు కాస్త పక్కకు జరిపి, మా అల్లుడు గూడబాతుల్ని నడుపుతాడని ఊరంతా చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

మొదటి గస్తీ రోజున సంచిమూతి మెడలో పతకంతో వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "ఒడ్డు కనుమరుగయ్యేదాకా తోక వైపు కూర్చో. తర్వాత ఇటు తిరిగెయ్. ఈ పతకం నీదేనని నాకు తెలుసు. కానీ అది పైకి అనకు."

వన్నెలరావు అనలేదు. కొన్నాళ్ళకు దండులో అందరూ అదే పద్ధతి పట్టారు. శాఖ ఆ తర్వాత ఎప్పుడూ దారి తప్పలేదు. ఆ ఘనత అంతా తోక నిబంధనదేనని గూడప్ప ప్రతి సభలోనూ చెబుతుంటాడు.

కాబట్టి నీతి ఏమిటంటే, ముందుచూపు ఉన్నవాడు నలుగురిలో వెనక్కి తిరిగి కూర్చోవడం నేర్చుకుంటే తప్ప ఏ శాఖా ముందుకు పోదు.