తెల్ల కారు, ఎర్ర నీళ్ళు

హేమనాథ్ కారు తెల్లది. తిరుత్తణి స్టేషన్ దగ్గర, పట్టాల పక్కనే దాన్ని నిలిపి రోజూ రైల్లో ఆవడి ఫ్యాక్టరీకి పోతాడు. రైళ్ళ చక్రాల నుంచి రాలిన సన్నటి ఇనుప ధూళి మూడేళ్ళుగా కారు రంగులో గుచ్చుకుని తుప్పు చుక్కలైంది. సబ్బుతో కడిగితే కదలదు. ఆ ఆదివారం పదకొండింటికి పూండిలో పెళ్ళిచూపులు. తిరుమలయ్య గారి అమ్మాయి ధాత్రి ఫొటో చూసిన రోజు నుంచీ హేమనాథ్‌కు సరిగ్గా నిద్ర లేదు. ఎలాగైనా ఈ సంబంధం కుదరాలి, చుక్కల కారులో పోకూడదు అనుకుని ఆరింటికే వీధిలో బకెట్లు పెట్టాడు.

పనితనమంటే అతనిదే. ముందు కారును నీడకు తెచ్చాడు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి డోరు నిమిరాడు. ఉట్టి చేతికి తెలియని గరుకు కవరులోంచి తెలుస్తుంది. తర్వాత ఇనుమును కరిగించే మందు కొట్టాడు. అది ఆరకముందే కడిగేయాలి. ఆపైన సబ్బునీళ్ళు జల్లుతూ, క్లే అనే మెత్తటి మట్టిముద్దతో నెమ్మదిగా రుద్దాలి. ముద్ద కింద పడితే ఇసుక అంటుకుని రంగును గీస్తుందని, దాన్ని కన్నతల్లి తులసమ్మను కూడా ముట్టనివ్వడు. ఇంత ఓపిక ఉన్నవాడికి పిల్లనివ్వడానికి ఆలోచించనక్కరలేదని నా అభిప్రాయం.

చిక్కు మందుతో వచ్చింది. ఇనుము తగిలితే అది ఎర్రబడుతుంది. మూడేళ్ళ ఇనుము కదా, ఎర్రనీళ్ళు ఎదురింటి దాకా పారాయి.

ముగ్గు వేయడానికి వచ్చిన ఎదురింటి రంగనాయకమ్మ అవి చూసి ఆగిపోయింది. వాకిట్లో ఎర్రనీళ్ళంటే పసుపూ సున్నమూ కలిపి ఆరతి తీసి పారబోసినవే. ఆరతి అంటే కొత్త కోడలు గడప దాటిందనే. పైగా గుమ్మంలో తులసమ్మ పట్టుచీరతో నిలబడి ఉంది. కొండ మీద గుడిలో గుట్టుగా తాళి కట్టి వచ్చే జంటలు తిరుత్తణికి కొత్త కాదు. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేని రంగనాయకమ్మ అక్కడ ఏమీ అడగలేదు. పూండిలో ఉన్న చెల్లెలికి ఫోన్ మాత్రం చేసింది. ఆ చెల్లెలిది తిరుమలయ్య పక్కిల్లే.

ఎర్రనీళ్ళ కబురు వీధిలోనూ పాకి, ఎనిమిదింటికల్లా ఆడవాళ్ళు కొత్త కోడలి కోసం పూలూ అరటిపండ్లూ పట్టుకుని వచ్చారు. పెళ్ళిచూపులకు సాగనంపడానికి వచ్చారనుకుని తులసమ్మ మురిసిపోయి కాఫీ పెట్టింది. పిల్ల ఎట్లుంటుందని ఒకామె అడిగింది.

"నేనింకా కంటితో యాడ చూసినానమ్మా. అంతా వాడి ఇష్టమే," అంది తులసమ్మ.

తల్లికే చూపించలేదా అని అందరూ ఆమె చేయి పట్టుకుని ఓదార్చారు. శుభమా అని బయల్దేరబోతుంటే ఈ ఓదార్పేమిటో ఆమెకు అర్థం కాలేదు. లోపల హేమనాథ్ ఫోన్ పదే పదే మోగుతోంది. అతని చేతిలో క్లే ఉంది, కింద పెట్టకూడదు.

తొమ్మిదిన్నరకు కారు వెనక ఆటో ఆగింది. తిరుమలయ్య దిగాడు, ఆయన వెనకే ధాత్రి.

"అమ్మాయి యాడయ్యా?" అన్నాడాయన, నమస్కారం కూడా లేకుండా.

హేమనాథ్ బిత్తరపోయి ధాత్రి వైపు చూశాడు. "మీతోనే వచ్చినారు గదా, మామా."

"ఈమె కాదు. తెల్లార్తో కొండ మీద నువ్వు తాళి కట్టినావే, ఆ పిల్ల. వీధిలో ఆరతి నీళ్ళు పారినాయంట గదా."

ఆరతి నీళ్ళనగానే హేమనాథ్‌కు సంగతి తెలిసింది. ఇంకా మిగిలిన డిక్కీ మీద మందు కొట్టి చూపించాడు. తెల్లరంగు మీద చుక్కచుక్కగా ఎరుపు పుట్టి ధారగా కారింది. అందరూ ఆ ధారను చూశారు, తర్వాత రంగనాయకమ్మను చూశారు. ఆమె తన ముగ్గును చూసుకుంది. అంత అవమానంలోనూ మందు ఆరకూడదని గుర్తుండి హేమనాథ్ నీళ్ళు పోశాడు.

ధాత్రి ఒకామె దగ్గరున్న అరటిపండ్ల కవరు ఖాళీ చేయించి, చేతికి తొడుక్కుని, బానెట్ నుంచి డిక్కీ దాకా నిమిరింది.

"ముందంతా గాజు మాదిరి ఉండాది. ఈడ మాత్రం ఇంకా గరగరమంటాది," అంది. "నా స్కూటరు తిరువళ్ళూరు స్టేషన్లో పట్టాల పక్కనే పెడతా. ఏం రుద్దినా ఈ చుక్కలు పోలేదు. ఆ మట్టి కొంచెం ఇస్తారా?"

తల్లినే ముట్టనివ్వనివాడు ముద్దను సరిగ్గా సగం చేసి ఆమె చేతిలో పెట్టాడు. తిరుమలయ్యకు ఇక అడగాల్సిందేమీ కనిపించలేదు. తనకూ కాఫీ కావాలన్నాడు.

తమిళుల ఆవణి మాసంలో కొండ మీదే పెళ్ళయింది. జంట గుమ్మంలోకి రాగానే తులసమ్మ ఆరతి తీసి ఎర్రనీళ్ళు వీధిలో పోసింది. రంగనాయకమ్మ వంగి, ఆ నీళ్ళను వేలితో ముట్టి, పసుపూ సున్నమేనని తేల్చుకున్నాకే చెల్లెలికి ఫోన్ చేసింది.