పెద్దాయనకి మద్యసారం

కెమిస్ట్రీ మాస్టారికి రెండు పట్టుదలలు. తెలుగులో చెప్పగలిగిన మాటని ఇంకో భాషలో చెప్పకూడదన్నది ఒకటి, ముప్పై ఏళ్ళ తన కారుని కంఠంలో ప్రాణం ఉండగా అమ్మకూడదన్నది రెండోది. ఆ కారుని ఆయనా మెకానిక్కూ తమలో తాము "పెద్దాయన" అని గౌరవంగా పిలుచుకుంటారు. భార్య మాత్రం "డొక్కు" అంటుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చాక ఆవిడకి మంచి ఆయుధం దొరికింది. అది పాత ఇంజన్లకి పడదట, అమ్మేద్దామంది. చివరికి రాజీ కుదిరింది. ఆదివారం పొద్దున ఆ కొత్త పెట్రోలుతో కారు ఆసుపత్రి కొండని ఆగకుండా ఎక్కితే ఉంటుంది, ఆగితే పోతుంది.

మాస్టారు ఏ పనీ పైపైన చేసే మనిషి కాదు. ఒక వారం మామూలు పెట్రోలు, ఒక వారం కలిపిన పెట్రోలు పోసి, ఒకే రోడ్డు మీద ఒకే వేగంతో నడిపి, అంతా పుస్తకంలో రాశారు. ఇథనాల్‌కి ఆయన మాట మద్యసారం. మైలేజీ కాస్త తగ్గినా, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను టకటకమని కొట్టుకోవడం మానేసిందని కనిపెట్టి మురిసిపోయారు. మెకానిక్ రబ్బరు గొట్టాలు మార్చి, కార్బురేటర్ సరిచేసి ఇచ్చాడు. ఆ ఇద్దరి శ్రద్ధ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

ఆదివారం తెల్లవారగానే మాస్టారు పరీక్షకి సాక్షిగా మెకానిక్‌ని తీసుకురావడానికి నడిచి వెళ్ళారు. పుస్తకం బల్ల మీదే ఉండిపోయింది. తండ్రిని వెంటబెట్టుకుని వారం క్రితం వచ్చిన బావమరిది దాన్ని తెరిచాడు. మందుల కంపెనీలో పనిచేస్తాడు కాబట్టి తాను ముప్పాతిక వంతు డాక్టరునని అతని నమ్మకం. పెద్దాయన అంటే అతనికి తెలిసింది ఒక్కరే, పక్కగదిలో పడుకున్న తన తండ్రి.

"సోమవారం. పెద్దాయనకి ఇరవై పాళ్ళ మద్యసారం పట్టించాను. పొద్దున లేవనని మొరాయించాడు. రెండుసార్లు దగ్గి, ఆపైన కుర్రాడిలా పరుగెత్తాడు. లోపలి గొట్టాలు ఉబ్బాయి, మార్పించాలి."

కింద కారు నంబరు కూడా ఉంది. కానీ బావమరిది సగం చదివి పూర్తిగా నమ్మే రకం. పరుగున వెళ్ళి అక్కకి చూపించాడు. ఆవిడ కొట్టిపారేసేదే, కానీ తండ్రి వారం రోజులుగా దగ్గుతున్నాడు. ఆ రోజు ఇంకా లేవలేదు కూడా. తమ్ముడు బావగారికి ఫోన్ కలిపి, పెద్దాయన ఇంకా లేవలేదని చెప్పి, నిన్న ఎంత పట్టించారని నిలదీశాడు.

బావమరిది పరీక్ష కోసం కారు స్టార్ట్ చేసి ఉంచుతున్నాడనుకుని మాస్టారు పొంగిపోయారు. "గొంతు దాకా పట్టించాను. చలికి అలాగే మొరాయిస్తాడు. గొంతు కాస్త బిగించి, కాలితో రెండుసార్లు తొక్కు, తనే లేస్తాడు."

చోక్ అన్న ఇంగ్లీషు మాట నోట పలకని మనిషి, చల్లబడ్డ ఇంజను కోసం చోక్ లాగి యాక్సిలరేటర్ తొక్కమని చెప్పిన తీరు అది. అక్కాతమ్ముళ్ళకి అది తండ్రి గొంతే అనిపించింది. తండ్రిని దుప్పట్లో చుట్టి కారు వెనకసీట్లో కూర్చోబెట్టారు. టీ తప్ప ఏమీ తాగలేదర్రా అని ఆయన మొత్తుకుంటే, అందరూ మొదట అదే అంటారన్నాడు కొడుకు. తమ్ముడికి డ్రైవింగ్ రాదు. అక్క స్టీరింగ్ పట్టుకుంది, ఆరేళ్ళ తర్వాత మొదటిసారి.

ఆసుపత్రి కొండ మొదలైంది. తండ్రి రైలింజను నడిపి రిటైరైన మనిషి. రెండో మలుపులో దగ్గు మానేసి ముందుకి వంగి చెవి పెట్టి విన్నాడు.

"గేరు మార్చకమ్మా. బ్రహ్మాండంగా లాగుతోంది," అన్నాడు.

ఆవిడ మార్చలేదు. కారు ఒక్కసారి కూడా తడబడకుండా కొండెక్కి ఆసుపత్రి గుమ్మం ముందు ఆగింది.

ఇంటికి తిరిగొచ్చి ఖాళీ షెడ్డు చూసి, పక్కింటివాళ్ళని అడిగి, మాస్టారు మెకానిక్ స్కూటరెక్కి బయల్దేరారు. స్కూటరు సగం కొండ మీద ఆగిపోయింది. మిగతా సగం ఇద్దరూ దాన్ని తోసుకుంటూ వచ్చేసరికి డాక్టరు తండ్రిని పరీక్షించి, ఉత్త జలుబని తేల్చి, బావమరిది వెంట తెచ్చిన పుస్తకాన్ని చివరిదాకా చదువుతున్నాడు.

"అంతా బాగుంది కానీ, ఈయనకి కార్బురేటర్ ఎక్కడుందో నాకు దొరకలేదు," అన్నాడు బావమరిదితో.

బావమరిది పుస్తకం అందుకుని అప్పుడు చూశాడు కింద ఉన్న కారు నంబరు. విషయం తెలిసిన మాస్టారికి కోపం రాలేదు, పరీక్ష ఏమైందన్నదే ఆయన బెంగ. భార్య బయటికి వెళ్ళి కారు బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆయన భయంభయంగా వెనకే వెళ్ళారు.

"ఆగిందా?" అన్నారు.

"ఆగడమా? ఇలాంటి బండిని ఇన్నాళ్ళు డొక్కన్నాను, నాదే తప్పు. దీన్ని అమ్మే ప్రసక్తే లేదు."

మాస్టారికి కళ్ళు చెమర్చాయి. తాళాల కోసం చెయ్యి చాపారు. ఆవిడ వాటిని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, రేపటి నుంచి తన ఆఫీసుకి దాన్ని తీసుకెళతానని చెప్పింది.

మాస్టారు ఇప్పుడు కాలేజీకి బస్సులో వెళుతున్నారు. అది డీజిలుతో నడుస్తుంది, అందులో మద్యసారం చుక్క కూడా కలపరు.